గొడుగు కోసరమే పిలువు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా వీధిలో అలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. కరెంటు పోతే చాలు, ఎవరో తెల్లచీర కట్టుకుని కనబడిందని మొదలుపెడతారు. ఏ చీర, అంచు ఎంత, చేతిలో ఏముంది అని అడిగితే నీళ్ళు నములుతారు. ఇరవై రెండేళ్ళుగా అంగడిలో గల్లా దగ్గర కూర్చున్న మనిషిని నేను. లోపలికి వచ్చినామె ఏం కట్టుకుందో, కొంటుందో, ఊరికే చూసి పోతుందో ఒక్క చూపులో చెప్పగలను. చూడనిదాన్ని చూశానని చెప్పే అలవాటు నాకు లేదు.

అలాంటి నేనే ఇప్పుడు ఇది రాస్తున్నాను. ఏడాదిగా ఏ పెళ్ళికి పోయినా, ఏ పేరంటానికి పోయినా, "ఆ కొండలో ఏమో జరిగిందంట కదా, చెప్పమ్మా" అని ఎవరో ఒకరు పట్టుకుంటున్నారు. సగం విని, మిగతా సగం వాళ్ళే కల్పించుకుంటున్నారు. మొన్న బాగలూరులో ఒకామె నా కథ నాకే చెప్పింది. అందులో నాకు పూనకం వచ్చిందట! విసుగెత్తిపోయింది. జరిగింది జరిగినట్టు ఒకసారి రాసి పెడితే, అడిగినవాళ్ళ చేతిలో ఈ కాగితాలు పెట్టి నా పని నేను చూసుకోవచ్చు.

ఆ రోజు మా ఆయన ప్రాణాలతో కొండ దిగాడు. ఎలా దిగాడన్నది ఒక్కటే నాకు అర్థం కానిది.

మాది హోసూరులో బ్యాగుల అంగడి. గొడుగులు కూడా అమ్ముతాం. మా ఆయనకు రెండు అలవాట్లున్నాయి. ఎక్కడికి పోయినా సంచిలో గొడుగు ఉండాలి. నడి ఎండాకాలమైనా సరే. గొడుగులమ్మేవాడు తడిసి ఇంటికి వస్తే ఊరు నవ్వుతుందంటాడు. రెండోది, నడిచేటప్పుడు నాకంటే ముందు పోతాడు. పది అడుగులు, ఇరవై అడుగులు, ఒక్కోసారి ఒక వీధి. పెళ్ళయిన మరుసటి రోజు మొదలైన నడక అది. వెనక్కి తిరిగి చూడడం లేదు. ఒకసారి కృష్ణగిరి బస్టాండులో నా చెప్పు తెగి ఆగిపోయాను. ఈ మనిషి బస్సెక్కి, సీటు పట్టి, రెండు టికెట్లు తీసుకున్నాక గానీ పక్కన పెళ్ళాం లేదని తెలుసుకోలేదు.

కొండకు పోదామన్నది సెల్వి. సెల్వి మా మరిది భార్య, నాకు తోడికోడలు. ధర్మపురి వైపు అరవపిల్ల. మా ఇంటికి వచ్చి పదేళ్ళయినా తెలుగు వింటుంది గానీ మాట్లాడదు. ఫోనులో ఎవరో కొండ ఎక్కుతున్న వీడియో చూసి మూడు నెలలు నా చెవిలో జోరీగలా తిరిగింది. అడవిలో నడకట, జంతువులట, మట్టి గోడల పాత ఊరట, రాగిసంగటి అక్కడే వండి పెడతారట. సంగటి మా ఇంట్లో వారానికి నాలుగుసార్లు చేస్తాను, అప్పుడు ముఖం చిట్లిస్తుంది. ఇంతలో డాక్టరు మా ఆయనను నడవమన్నాడు. ఇక నా మాట ఎవరు వింటారు?

జనవరి నెల చివర. అనుమతులవీ సెల్వే చూసుకుంది. పొద్దున్నే జీపులో దేన్కనికోట దాటి కొండల్లోకి పోయాం. రోడ్డు ఆగిపోయిన చోట మాదప్ప అనే ఆయన మా కోసం కాచుకుని ఉన్నాడు. మేము పోవాల్సిన కొండ ఊరు ఆయనదే. అక్కడికి రెండు గంటల నడక. ఆ ఊరి పేరు నేను రాయను. నా కథ వల్ల ఆ ఇరవై ఇళ్ళవాళ్ళ మీదికి జనం ఎగబడడం నాకు ఇష్టం లేదు.

నడక మొదలుపెట్టే ముందు మాదప్ప మమ్మల్ని నిలబెట్టి కొన్ని మాటలు చెప్పాడు. ఆయనకు కన్నడం, అరవం వచ్చు. తెలుగు రాదు. అరవొద్దు, పరిగెత్తొద్దు అన్నాడు. రాగులు కోసి కుప్పలు వేసిన కాలం కాబట్టి అవి ఊళ్ళ చుట్టూనే తిరుగుతున్నాయన్నాడు. "అవి" అంటే ఏవని సెల్వి అడిగింది. ఆయన చెయ్యి ముక్కు దగ్గర పెట్టి తొండంలా ఊపి చూపించాడు. అడవిలో వాళ్ళు ఆ పేరు పలకరట. పేరు పెట్టి పిలిస్తే వస్తాయట. "దొడ్డోరు" అంటారట, అంటే పెద్దవాళ్ళని. నాకు నవ్వొచ్చింది. ఇంట్లో మామగారిని చెప్పుకున్నట్టుంది అనుకున్నాను.

గంటన్నర నడిచేసరికి నా తలప్రాణం తోకకు వచ్చింది. మోకాళ్ళు లాగుతున్నాయి. వెనక సెల్వి ప్రతి ఆకునూ ఫోటో తీస్తోంది, మాదప్ప ఆమె కోసం ఆగుతున్నాడు. ముందు మా ఆయన ఏదో పందెం ఉన్నట్టు పోతున్నాడు. ఆయన సంచిలో గొడుగు పిడి పైకి పొడుచుకుని కనబడుతోంది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఆ ఎండలో ఆ గొడుగును చూసిన కొద్దీ నాకు కోపం ఎక్కువైంది.

ఇక్కడి నుంచి అడిగేవాళ్ళు జాగ్రత్తగా చదవండి.

టైము పదిన్నర. దారి సన్నది, ఇద్దరు పక్కపక్కన నడవలేరు. ఎడమ పక్క రెండాళ్ళ ఎత్తు నిలువు బండ. కుడి పక్క కిందికి జారుడు, నిండా ముళ్ళపొదలు. మా ఆయన నాకు యాభై అరవై అడుగుల ముందున్నాడు. ఆయనకు కొంచెం ముందర దారి ఒక వెదురు పొద చుట్టూ మలుపు తిరుగుతుంది. సెల్వీ మాదప్పా నాకు ముప్పై అడుగుల వెనక ఉన్నారు.

బండలోంచి తిన్నెలా ముందుకు వచ్చిన రాయి మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పొట్టి మనిషి. ఇటుకరంగు చీర, మోకాళ్ళ కిందికి కట్టింది, రవిక లేదు. కుడి చేతికి ఒక్క వెండి కడియం. ఎడమ చెవి తమ్మె తెగి రెండుగా వేలాడుతోంది. ఒళ్ళో ఉసిరికాయలు పోసుకుని ఏరుకుంటోంది. మా ఆయన ఆమె ముందు నుంచే పోయి ఉండాలి. నేను దగ్గరికి రాగానే తల ఎత్తకుండానే చెప్పింది.

"ఆనొస్తా ఉంది. ఆయప్పను ఎనక్కి పిలువు."

తెలుగులో చెప్పింది. మా అమ్మమ్మ ఊరు రాయకోట పక్కన పల్లె. ఆమె వానను "ఆన" అనేది. ఆనొచ్చింది, ఆన నిలిచింది, ఆనలో తడిసినావా. చిన్నప్పుడు మేమంతా ఆమెను వెక్కిరించేవాళ్ళం. ఆమె పోయాక ఆ మాట మళ్ళీ ఎవరి నోటా వినలేదు. అందుకని నాకు వినబడింది వాన అనే. అరవంలో మాట్లాడేటప్పుడు ఎవరన్నా "ఆన" అంటే అది ఏనుగని నాకు తెలియదా? బాగా తెలుసు. హోసూరులో పుట్టిన పిల్లకాయలకు కూడా తెలుసు. కానీ తెలుగు మాటల మధ్యలో వచ్చిన ఆన నాకు వానే.

నేను పైకి చూశాను. "యాడొస్తా ఉండాదవ్వా? మబ్బు తునకన్నా లేదే!" అన్నాను.

"నీకు కనపడదు. పిలువు."

"వస్తే రానీ. గొడుగుండాది."

"యాడ?"

"ఆయన సంచిలో."

అప్పుడు తల ఎత్తి నన్ను చూసింది. "అట్లయితే గొడుగు కోసరమే పిలువు. అరవొద్దు" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎండలో ఈ ముసలామెతో నాకు వాన పంచాయితీ ఏమిటనిపించింది. కానీ ఒక మాట చెప్పాలి. ఆయన ఆగితే నాకూ ఆగడానికి సందు దొరుకుతుందనీ, గొడుగు మోస్తున్నందుకు ఒక్కసారైనా దాన్ని బయటికి తీయించాలనీ అనిపించింది. అంతే. నాకు ఏ హెచ్చరికా తోచలేదు, ఏ భయమూ కలగలేదు.

అంగడిలో గిరాకీ ఉన్నప్పుడు నేను ఆయన్ను అరిచి పిలవను. గాజులతో గల్లా అద్దం మీద మూడుసార్లు కొడతాను. ఏ పనిలో ఉన్నా, ఎందుకని అడగకుండా రావాలని మా ఇద్దరి మధ్యా ఒప్పందం. నా చేతిలో స్టీలు నీళ్ళ బాటిల్ ఉంది. గాజులతో దాని మీద టిక్ టిక్ టిక్ మని కొట్టాను. మా ఆయన ఠక్కున ఆగి వెనక్కి తిరిగాడు. నోరు తెరిచి పిలిచి ఉంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది. నేను చేత్తో గొడుగు విప్పినట్టు చూపించాను.

ఆయన నన్నూ ఆకాశాన్నీ మార్చి మార్చి చూశాడు. తల అడ్డంగా ఊపుకుంటూ వెనక్కి నడిచాడు. వస్తూనే సంచిలోంచి గొడుగు లాగాడు. నా దగ్గరికి వచ్చి, "నీకేమైనా ఎండ తలకెక్కిందా?" అని అంటూ ఉండగా, ఆయన వెనక వెదురు కదిలింది.

గాలికి కదిలినట్టు కాదు. మొత్తం పొద ఒక పక్కకు వాలింది.

ఏనుగు దారి మీదికి దిగింది. మా ఆయన ఒక్క నిమిషం క్రితం ఉన్న చోటికి. దాని కాళ్ళ సందున చిన్న పిల్ల. వెనకే ఇంకొకటి. పెద్దది చెవులు విప్పి మా వైపు తిరిగి నిలబడిపోయింది. దాని కడుపులో గుడగుడలు వినబడ్డాయి. వెనక నుంచి మాదప్ప చప్పుడు లేకుండా వచ్చి నా భుజం నొక్కి బండకు ఆనించాడు.

అప్పుడు చూశాను మా ఆయన చేతిని. అది బటన్ గొడుగు. నొక్కితే టప్పున విచ్చుకుంటుంది. అంగడిలో రోజుకు పదిసార్లు నొక్కి గిరాకీకి చూపిస్తాడు. ఆయన వేలు ఆ బటన్ మీదే ఉంది, అలవాటుగా నొక్కేట్టున్నాడు. నేను ఆయన వేలు పట్టుకున్నాను. రెండు చేతులతో పట్టుకున్నాను. ఇరవై రెండేళ్ళలో నలుగురి ముందు ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఈ మనిషి లేకపోతే నేను ఎవరి వెనక నడవాలి అనిపించింది. నిజంగా అదే అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

ఎంతసేపో చెప్పలేను. సెల్వి ఐదు నిమిషాలంటుంది, మాదప్ప అంత లేదంటాడు. పిల్ల ముందు కదిలింది. తర్వాత పెద్దవి రెండూ కుడి పక్క జారుడులోకి దిగిపోయాయి. ముళ్ళపొదలు విరిగిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

చప్పుడు ఆగాక నేను రాయి వైపు తిరిగాను. రాయి ఖాళీ.

ముందు ఏనుగులు. వెనక మాదప్పా సెల్వీ, తమను దాటి ఎవరూ పోలేదని ఇద్దరూ చెప్పారు. ఎడమ పక్క నిలువు బండ, నేను చెయ్యి పెట్టి చూశాను, కోతి కూడా ఎక్కలేదు. కుడి పక్క ముళ్ళపొదలు. ఒళ్ళో ఉసిరికాయలతో ఒక ముసలామె అందులోకి దిగితే కొంగు చిరగాలి, కాయలు రాలాలి. ఒక్క కాయ లేదు. వంగి రాయి కిందా, చుట్టూ వెతికాను. అంతసేపు మాట్లాడింది కదా, ఒక్క ఉసిరికాయ నా చేతిలో పెట్టి ఉంటే ఈ రోజు నాకు ఇన్ని మాటలు పడే బాధ తప్పేది!

అరవకుండా పిలిచి మంచి పని చేశానని మాదప్ప మెచ్చుకున్నాడు. పిల్లతో ఉన్న తల్లి మనిషి కేక వింటే నేరుగా కేక మీదికే వస్తుందట. నేను ఏనుగొస్తోందని పిలవలేదు, గొడుగు కోసం పిలిచానని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు.

అసలు తలనొప్పి ఊరు చేరాక మొదలైంది. మాదప్ప అక్క గౌరమ్మ మాకు మజ్జిగ ఇచ్చింది. నేను ముసలామె గురించి అడిగాను. చీర, కడియం, తెగిన చెవి అన్నీ చెప్పాను. ఇప్పుడు మీరంతా ఒకటి అనుకుంటూ ఉంటారు. అలాంటామె ఎప్పుడో చనిపోయిందని ఆ ఊరివాళ్ళు చెప్పి ఉంటారని. చెప్పలేదు. అలా చెప్పినా ఏదో ఒక సమాధానం దొరికినట్టుండేది. అలాంటి ఆమె ఈ ఊళ్ళో లేదు, ఎప్పుడూ లేదు, పక్క ఊళ్ళో కూడా లేదు అన్నది గౌరమ్మ. ముందు రోజు సాయంత్రం నుంచి దొడ్డోరు రాగి కుప్పల చుట్టూ తిరుగుతున్నాయని ఊరివాళ్ళెవరూ పొలిమేర దాటలేదు. మా కోసం వచ్చిన మాదప్ప ఒక్కడే, అదీ తెల్లారకముందే వేరే దారిలో దిగాడు.

"మీతో ఏ భాషలో మాట్లాడింది?" అని గౌరమ్మ కన్నడంలో అడిగింది.

తెలుగులో అన్నాను. సెల్వి నా వైపు వింతగా చూసింది. "ఇల్లే అక్కా, తమిళ్‌లదానే సొన్నాంగ" అంది. కాదు, అరవంలోనే కదా చెప్పింది అని. "ఆన వరుదు, అవర కూప్పిడు" అన్నదట. ఏనుగొస్తోంది, ఆయన్ను పిలువు అని. అందుకే తను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయానంది. గొడుగు మాటే తనకు వినబడలేదంది. మాదప్ప మజ్జిగ గ్లాసు కింద పెట్టి, మీరిద్దరూ ఏమంటున్నారు, ఆమె కన్నడంలో "ఆనె బర్తాయిదె" అనడం, అంటే ఏనుగు వస్తోందనడం, కొమ్మ చాటున మనిషి కనబడకపోయినా తన చెవులతో విన్నానన్నాడు. అడవిలో ఆ పేరు ఎవరు తీస్తున్నారని తనకు ముందు కోపం వచ్చిందట.

మూడు భాషలూ రోజూ నాలుక మీద తిరిగే ఊరు మాది. కూరగాయలు ఒక భాషలో బేరం చేసి, ఇంకో భాషలో తిట్టి, ఇంకో దాంట్లో ఇంటికి వస్తాం. ఎవరు ఏ భాషలో మాట్లాడారో పొరబడే రకం కాదు మేము.

గౌరమ్మ ఒక్కటే మాట అంది. ఆమె మాట తెలుగులో రాస్తున్నాను. "ఎవరో గానీ మా కొండ మనిషి కాదమ్మా. మా వాళ్ళు అడవిలో ఆ పేరు తీయరు."

అదే నన్ను తినేస్తోంది. ఆమె ఏనుగని చెప్పి ఉంటే కొండ మనిషి కాదు. వాన అని చెప్పి ఉంటే ఆకాశంలో మబ్బు లేదు. "ఏనిగొస్తా ఉండాది" అని మామూలుగా నాకు అర్థమయ్యేట్టు చెప్పి ఉంటే నేనేం చేసేదాన్ని? కొండలు అదిరేట్టు మా ఆయన్ను కేకవేసి ఉండేదాన్ని. నా గొంతు ఎలాంటిదో మా వీధికంతా తెలుసు. ఆ కేకకు ఆయన అక్కడే కొయ్యబారి నిలబడేవాడు. ఆ తర్వాతిది నేను రాయను.

తిరిగి వచ్చే జీపులో సెల్వీ నేనూ హోసూరు దాకా కొట్లాడుకున్నాం. అది అరవమని ఆమె, తెలుగని నేను. మధ్యలో మా ఆయన్ను సాక్షి అడిగాను. నువ్వు ఆమె ముందు నుంచే పోయావు కదా, చూశావా అని.

"ఎవురో ఉన్నట్టుండె. నేను చూల్లేదు" అన్నాడు.

అది ఆయన సాక్ష్యం! వెనక్కి నా దగ్గరికి వచ్చేటప్పుడైనా చూశావా అంటే, గొడుగు తీస్తా ఉంటిని అన్నాడు. సెల్వి ఫోనులో ఆ రోజు తీసినవి నూటికి పైగా ఫోటోలున్నాయి. అన్నీ ఆకులు. ఒక్కదాంట్లో నేను దూరంగా కనబడతాను, ఏదో చెట్టుకొమ్మ అడ్డం వచ్చి నా పక్కన ఏముందో కనబడదు. ఆ ఫోటో చూసినప్పుడల్లా ఫోను పగలగొట్టాలనిపిస్తుంది.

ఇంటికి వచ్చాక అందరూ తలా ఒకటి చెప్పారు. ఆకలికి కళ్ళు తిరిగి ఉంటాయన్నాడు మా మరిది. ముగ్గురికీ ఒకేసారి ఎలా తిరిగాయని అడిగితే టీవీ సౌండు పెంచాడు. సెల్వి అమ్మవారంటుంది. మా అమ్మ అయితే ఏడ్చింది. "మా అమ్మే వచ్చింది, ఆన అనేది ఆమే కదా" అంది. అమ్మమ్మ పొడుగు మనిషి. ఈమె పొట్టి. అమ్మమ్మకు రెండు చెవులూ బాగానే ఉండేవి, రవిక లేకుండా వాకిట్లోకి కూడా వచ్చేది కాదు. నేను చూసింది అమ్మమ్మను కాదు. ప్రేమ కొద్దీ అబద్ధం చెప్పలేను. కానీ ఆ మాట మాత్రం అమ్మమ్మదే, పలికిన తీరుతో సహా. దీన్ని ఎక్కడ పెట్టాలో నాకు తెలియడం లేదు.

దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ రాయి మీద ఎవరున్నారని అడిగితే తెలియదనే చెబుతాను. వాన అన్నదా, ఏనుగు అన్నదా అంటే అదీ తెలియదు. గొడుగు మాట నేనెత్తితే దాన్నే పట్టుకుని పిలిపించిందే, అది తెలిసి చేసిందా, ముసలితనపు చాదస్తమా, అంతకంటే తెలియదు.

ఇంత జరిగాక మా ఆయన ఏమైనా మారాడా అంటే, లేదు. నిన్న సంతకు పోతే మళ్ళీ ముప్పై అడుగులు ముందున్నాడు. పొద్దున చినుకులు పడేట్టుంటే, "ఈ సంచి బరువుగా ఉండాది, గొడుగు నువ్వు పెట్టుకో" అన్నాడు. నేను పెట్టుకోలేదు. ఇల్లు కదిలే ముందు ఆ గొడుగు ఆయన సంచిలోనే ఉందో లేదో నేనే చూసుకుంటాను. అది నా దగ్గరే ఉంటే, ఎప్పుడన్నా ఆయన్ను వెనక్కి పిలవాల్సి వచ్చినప్పుడు దేనికని పిలిచేది?